ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆన్‌లైన్‌లో వాదించడం ఎలా: బెజవాడ, గుంటూరు వాళ్ళకి ఒక మార్గదర్శి

రాత్రి పదకొండు దాటింది. మా ఆవిడ పాలు తోడేసి, గ్యాస్ కట్టేసి వచ్చి, "ఇంకా ఎవరితో?" అంది. ఎవరితోనో నాకూ తెలీదు. ప్రొఫైల్ ఫొటోలో ఆంజనేయస్వామి, పేరున్నచోట రెండక్షరాలు. ప్రత్యేక హోదా మీద రెండు గంటలుగా నడుస్తోంది. "విభజన చట్టంలో రాసిచ్చి ఎగ్గొట్టారు" అని ఆరోసారో ఏడోసారో టైప్ చేశాను. అవతల నుంచి మూడే మాటలొచ్చాయి: "ఏ సెక్షన్ అండీ?"

చట్టం పీడీఎఫ్ తెరిచాను. సెర్చ్‌లో కొట్టాను. రాలేదు. స్పెల్లింగ్ తప్పేమోనని మళ్ళీ కొట్టాను. రాలేదు. 46వ సెక్షన్‌లో ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ మాటుంది, 94వ సెక్షన్‌లో పన్ను రాయితీల మాటుంది. హోదా లేదు. అది ఉన్నది 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో, అయిదేళ్ళ పాటు ఇస్తామని. అంటే సాక్షాత్తూ ప్రధాని సభలో ఇచ్చిన మాట అనే గట్టి కర్ర నా పక్కనే ఉంటే, దాన్ని వదిలేసి, లేని సెక్షన్ పట్టుకుని రెండు గంటలు ఊగాను.

కింద రాసిందంతా ఆ రాత్రి తర్వాత తెలిసొచ్చింది. మన వైపు వాదనలు చెడేది చాలావరకు ఒకే చోట. అవతలి మనిషి ఏమంటున్నాడో పూర్తిగా వినకముందే అతనెవరో మనం తేల్చేసి ఉంటాం. అక్కణ్ణుంచి అతని మాటకి కాకుండా మనం ఊహించుకున్న మనిషికి జవాబు చెబుతూ పోతాం.

1. ఇది వాదమా, జల్పమా, వితండమా?

గౌతముడి న్యాయసూత్రాలు చర్చని మూడు రకాలుగా విడదీశాయి. నిజమేదో తేల్చుకోవడానికి ఇద్దరూ కూర్చుంటే అది వాదం. ఎలాగైనా గెలవాలని మాటల గారడీకి కూడా దిగితే జల్పం. తనకంటూ ఒక పక్షం పెట్టకుండా, ఎదుటివాడు ఏది పెడితే అది కొట్టేయడమే పనిగా పెట్టుకుంటే వితండం. 'వితండవాదం' అని ఇంట్లో పిల్లల్ని తిడుతుంటాం కానీ ఆ మాట లోపల ఇంత పనికొచ్చే సంగతి ఉందని చాలాకాలం నాకు తట్టలేదు.

పనికొచ్చే సంగతి ఏమిటంటే, దీంతో పరీక్ష పెట్టొచ్చు. రెండు మూడు జవాబులయ్యాక ఒకే ప్రశ్న వెయ్యండి: "సరేనండీ, మీరైతే ఏం చేసేవారు?" ఆ మనిషి ఏదో ఒక పక్షం పెడితే, అది ఎంత విడ్డూరంగా ఉన్నా సరే, మాట్లాడొచ్చు. నవ్వే బొమ్మ పెట్టి ఇంకో పది ప్రశ్నలు విసిరితే అది వితండం. ఫోను పక్కన పెట్టి అన్నం తినండి.

జల్పం సంగతి కొంచెం తిరకాసు. అవతలివాడు మారడు, కానీ అక్కడ నలుగురు చదువుతుంటారు. ఆ నలుగురి కోసం రెండు జవాబులు రాయడం తప్పు కాదు. మూడోది మాత్రం మీ ఉక్రోషం కోసమే రాస్తారు, నేనైతే అలాగే రాశాను.

2. ఇంటిపేరు చూడకండి

ఇది మన రెండు ఊళ్ళ జబ్బు. దాచి లాభం లేదు. ఎవరైనా రెండు వాక్యాలు రాస్తే మన చూపు వాక్యం మీద కంటే ముందు ఇంటిపేరు మీద పడుతుంది. ఇంటిపేరు నుంచి కులం, కులం నుంచి పార్టీ, పార్టీ నుంచి అతను రేపు ఏమంటాడో కూడా, అర నిమిషంలో లెక్క అయిపోతుంది. ఇంటిపేరు దొరక్కపోతే ఊరు, ఊరు దొరక్కపోతే ఫొటో వెనకాల కనిపించే ఫ్లెక్సీ. బ్రాడీపేటలో టీ కొట్టు దగ్గర నిలబడితే ఇదే పని నోటితో చేస్తాం, అక్కడ కనీసం మొహం చూసి సగం మింగుతాం.

మానడానికి ఒక మొరటు పద్ధతి ఉంది. జవాబు రాయబోయే ముందు అవతలివాళ్ళ మాటని కాపీ చేసి నోట్స్‌లో పెట్టుకోండి, పేరు లేకుండా. అదే మాట మీ మేనమామ అని ఉంటే ఏం జవాబిస్తారో అది రాయండి. మొదట్లో చాదస్తంగా అనిపిస్తుంది. నాలుగుసార్లు చేస్తే, మనం రాసే వాటిలో ఎన్ని ఇంటిపేరుకి రాసినవో మనకే కనిపిస్తుంది.

దీనికి చెల్లెలు లాంటి జబ్బు ఇంకోటుంది, యాసని ఎత్తిచూపడం. అవతలివాళ్ళు సిక్కోలు మాటో, సీమ మాటో, తెలంగాణ మాటో రాస్తే దాన్ని వెక్కిరించారా, మీ పక్షాన ఉన్న న్యాయమంతా కృష్ణలో కలిసినట్టే. మన భాషే ప్రమాణం అనుకునే గీర మనకి కొంచెం ఎక్కువన్న సంగతి బయటివాళ్ళందరికీ తెలుసు.

3. గారు, అండీ, తమ్ముడూ

ఇంగ్లీషులో వాదించుకునేవాళ్ళకి లేని ఇబ్బంది మనకొకటుంది. 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగిన క్షణాన చర్చ అయిపోయి తగాదా మొదలవుతుంది. విషయం ఎక్కడ చెడిందో తెలియాలంటే పాత చర్చలు పైకి జరిపి ఏకవచనం ఎక్కడ మొదలైందో చూడండి, చాలు.

కాబట్టి మొదటి మాటే 'అండీ'తో మొదలుపెట్టండి, చివరిదాకా దిగకండి. అవతలివాళ్ళు 'నువ్వు' అన్నా మీరు 'మీరు'లోనే ఉండండి. ఇది మర్యాద కోసం మాత్రమే అనుకోకండి, దీని వల్ల లాభం ఉంది. చదివేవాళ్ళకి ఎవరు అదుపు తప్పారో ఇట్టే తెలుస్తుంది.

'గారు' దగ్గర జాగ్రత్త. "మేధావి గారు", "పండితుల వారు" అన్నవి తిట్లే. 'తమ్ముడూ' కూడా అంతే. పైకి చుట్టరికంలా ఉంటుంది, లోపల "నీకింకా మీసాలు రాలేదు" అని ఉంటుంది. 'బ్రో' పాతికేళ్ళవాళ్ళ మధ్య చెల్లుతుంది, యాభై దాటినవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. వయసు తెలియనప్పుడు, ఆడో మగో తెలియనప్పుడు, ఉత్త 'అండీ'ని మించింది లేదు. 'చదువుకున్నవారు మీరే ఇలా అంటే' అనే వాక్యం ఒకటుంది. దాన్ని పూర్తిగా మర్చిపోండి. ఆ వాక్యం తర్వాత మంచి మాట పుట్టడం నేనెప్పుడూ చూడలేదు.

4. పూర్వపక్షం: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

పాత శాస్త్రకారులకి ఒక నియమం ఉండేది. సొంత సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివాడి వాదన అంతా తామే రాసేవారు. కృష్ణ ఒడ్డుతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడి 'విగ్రహవ్యావర్తని'లో డెబ్భై కారికలు, అంటే చిన్న శ్లోకాలు, ఉంటే, మొదటి ఇరవైలో ఎదుటివాళ్ళ ఆక్షేపణలే ఉంటాయి. జవాబు ఆ తర్వాతే మొదలవుతుంది. గుంటూరు బస్సెక్కినప్పుడల్లా ఆయన పేరున్న యూనివర్సిటీ బోర్డు దాటుకుంటూ పోతాం, చేతిలో ఫోను పట్టుకుని ఎవడినో తిట్టుకుంటూ.

ఎలా చెయ్యాలో ఒక ఉదాహరణతో చూపిస్తాను. నేను అమరావతి పక్షం. ఎవరో మూడు రాజధానుల్ని సమర్థిస్తూ రాశారు. నాకు మొదట వేలి చివరికొచ్చింది "ముందు ఒక్కటి కట్టి చూపించమనండి". చప్పట్లు పడతాయి, పని జరగదు. దాన్ని చెరిపేసి, ఇలా రాశాను:

"మీరనేది ఇదనుకుంటాను. అంతా హైదరాబాద్‌లో పోగేసి, విడిపోయినప్పుడు దెబ్బతిన్నాం. మళ్ళీ అంతా ఒకేచోట పోగేస్తే రేపు ఉత్తరాంధ్ర, సీమ ఇదే బాధ పడతాయి. రాజధాని ఒకచోట, హైకోర్టు మరోచోట అన్నది కొత్త సంగతేమీ కాదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలోనే ఆ మాట ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో హైకోర్టు మా గుంటూరులోనే నడిచింది. మీ మాట ఇదేనా?"

"ఇదే" అని వచ్చింది. ఆ తర్వాత ఇంకో మాట వచ్చింది: "గుంటూరు సంగతి నాకు తెలీదు, థాంక్సండీ."

అవును, అతనికి నేనే ఒక అస్త్రం ఇచ్చాను. ఇచ్చినందుకు చింత లేదు. ఎందుకంటే అప్పటినుంచి నేను చెప్పేది అతను చదవడం మొదలుపెట్టాడు. నా పక్షం అప్పుడు పెట్టాను: రైతులు రాజధానికి సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చింది ప్రభుత్వం రాసిచ్చిన కాగితం చూసి, ప్రభుత్వం మారగానే ఆ కాగితం చెల్లదంటే రేపు ఏ ఊళ్ళోనూ ఎవరూ సెంటు భూమి ఇవ్వరు, 2022 మార్చి 3న హైకోర్టు కూడా ఒప్పుకున్నవి చెయ్యమనే చెప్పింది.

అక్కడితో ఆపకుండా, అదే ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో గడువులు పెట్టిన ఆదేశాల మీద స్టే ఇచ్చిందని కూడా రాశాను. నాకు అడ్డొచ్చే సంగతే. నేను చెప్పకపోతే అతను చెబుతాడు, అప్పుడు దాచిపెట్టానని అవుతుంది. మనకి అడ్డొచ్చేదాన్ని మనమే ముందు చెప్పేస్తే సగం గొడవ తప్పుతుంది.

అతను మారాడా? లేదు. నేనూ మారలేదు. హైకోర్టు బెంచి ఒకటి కర్నూలులో ఉంటే తప్పేమిటన్న దగ్గర మాత్రం ఇద్దరం దగ్గరికొచ్చాం.

5. ఆధారం ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకోండి

చట్టం మీద వాదనైతే చట్టమే చదవండి, దాని మీద టీవీలో ఎవరో చెప్పింది కాదు. పార్లమెంటులో ఎవరు ఏమన్నారో ఉభయ సభల వెబ్‌సైట్లలో రోజువారీగా ఉంటుంది. ఓట్ల లెక్కలు ఎన్నికల సంఘం సైట్లో నియోజకవర్గం వారీగా ఉంటాయి. తీర్పులు కోర్టుల సైట్లలో దొరుకుతాయి. ఇంగ్లీషులో ఉంటాయి, పొడుగ్గా ఉంటాయి, నిజమే. కావలసిన పేరా ఒక్కటే తీసి, తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పి, మూలం ఎక్కడుందో పెట్టండి. మొత్తం పీడీఎఫ్ మొహాన కొట్టకండి.

ప్రపంచ వ్యవహారాల్లో మాటల అర్థం దగ్గరే సగం పోరు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌లోకి వెళ్ళింది. మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది: అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5, తటస్థంగా 35. మన దేశం ఆ 35లో ఉంది. దీన్ని ఒకరు "రష్యాకి ఓటేశాం" అంటారు, ఇంకొకరు "ఎవరి పక్షమూ కాదని చాటాం" అంటారు. మొదటిది అబద్ధం. రెండోది ఒక వ్యాఖ్యానం, దాని మీద వాదించొచ్చు. ఏది జరిగింది, ఏది దాని మీద మన వ్యాఖ్యానం అన్నది విడదీసి ముందు పెట్టారంటే సగం మబ్బు విడుతుంది.

కొత్త వార్త మీద మాత్రం ఒక రోజు నోరు కట్టుకోండి. 2025 సెప్టెంబర్ 19న అమెరికాలో హెచ్1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించారు. మనకి తెల్లారేసరికి ప్రతి వీధిలో ఒక ఇల్లు వణికిపోయింది, పిల్లలు అక్కడున్నారు కదా. ఏటా కట్టాలని వాళ్ళ వాణిజ్య మంత్రే అన్నారు. మర్నాడు వైట్‌హౌస్ వివరణ వచ్చింది: ఒక్కసారే, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదు. ఆ ఒక్క రోజులో మోదీని తిట్టినవాళ్ళూ, ట్రంప్‌ని పొగిడినవాళ్ళూ, ఇద్దరూ లేని నిబంధన మీద కొట్టుకున్నారు.

ఫొటోలూ వీడియోలూ వచ్చినప్పుడు గూగుల్ లెన్స్‌లో వేసి, ఇంతకుముందు ఎప్పుడు ఎక్కడ వచ్చిందో చూడండి. ఒక్క నిమిషం పని.

కళ్ళతో చూసినదాని మీద కూడా ఇది వర్తిస్తుంది. 2024 సెప్టెంబర్ వరదలప్పుడు "కృష్ణ పొంగి సింగ్‌నగర్ మునిగింది" అని బయటి ఊళ్ళవాళ్ళు రాస్తుంటే మాకు ఒళ్ళు మండింది. ముంచింది బుడమేరు. దాని మళ్ళింపు కాలువ కట్టకి గండ్లు పడి నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి. అదే ధాటీతో "కృష్ణకీ దీనికీ సంబంధమే లేదు" అని రాసేశాను. ఒక ఇంజినీరు, అలా అని ఆయనే చెప్పుకున్నారు, నెమ్మదిగా అడిగారు: ఆ మళ్ళింపు కాలువ ఎందులో కలుస్తుంది? కృష్ణలోనే, బ్యారేజికి ఎగువన. ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులకి పైగా పోతున్నప్పుడు కాలువ నీళ్ళు నదిలోకి దిగడం కష్టం. అంటే బయటివాళ్ళ మాట తప్పే, నా మాటా తప్పే. మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డానన్న ధీమా నన్ను హైడ్రాలజిస్టుని చెయ్యలేదు.

6. మతం దగ్గరికొచ్చేసరికి

ఇక్కడ పద్ధతి మార్చాలి. రాజకీయంలో అవతలివాడు ఒక అభిప్రాయాన్ని కాపాడుకుంటాడు. మతంలో వాళ్ళ అమ్మ పెట్టిన దీపాన్ని కాపాడుకుంటాడు. పుణ్యానికి మన ఊళ్ళో దసరాకి ఇంద్రకీలాద్రి క్యూలోనూ, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళలోనూ ఒకే మొహాలు కొన్ని కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో మాత్రం ఆ మొహాలు ఎక్కడికి పోతాయో తెలీదు.

మూడింటిని కలపకండి: గ్రంథంలో ఉన్నది, జనం ఆచరించేది, ఒక మనిషి చేసింది. ఒక పూజారో, పాస్టరో, మౌలానానో చేసిన తప్పుకి గ్రంథాన్ని లాగినా, గ్రంథంలో ఒక వాక్యానికి పక్కింటివాణ్ణి లాగినా అది వాదన కాదు. ఎవరైనా శ్లోకమో వాక్యమో ఆయతో పెడితే ఏ అధ్యాయం, ఎన్నోది, ఎవరి అనువాదం అని అడగండి, ముందూ వెనకా రెండేసి వాక్యాలు చదవండి. మీకు తెలియని మతం గురించి వాక్యాలుగా చెప్పకండి, ప్రశ్నలుగా అడగండి. "మీలో దీన్ని ఎలా అర్థం చేసుకుంటారండీ?" అన్నప్పుడు వచ్చే జవాబులు చాలాసార్లు నేను అనుకున్నదానికి దూరంగా ఉన్నాయి.

దేవుడు లేడనేవాళ్ళతో వాదన మన ఊరికి కొత్త కాదు. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో పటమటకి వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆయన సేవాగ్రామం వెళ్ళి, రోజూ ప్రార్థన చేసే గాంధీ ఎదుట కూర్చుని దేవుడి సంగతి మాట్లాడాడు. దేవుడి దగ్గర కలవలేదు. అంటరానితనం పోవాలన్న దగ్గర కలిశారు. ఆస్తిక నాస్తిక వాదనలో దిగేటప్పుడు నాకు ఈ జంటే గుర్తొస్తుంది.

చావు ఇంట, పండగ పూట మాత్రం ఏ మతం మీదా నోరెత్తకండి. దీనికి కారణాలు రాయక్కర్లేదనుకుంటాను.

7. చట్టం, క్లుప్తంగా

ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. దాంతో ఏమైనా రాయొచ్చనుకునేవాళ్ళు ఉన్నారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య వైరం రేపితే 196వ సెక్షన్, మత విశ్వాసాల్ని కావాలని అవమానిస్తే 299, పరువు నష్టానికి 356 ఉన్నాయి. మొదటి రెండింటికీ మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఫార్వర్డ్ చేశాను గానీ రాయలేదు అంటే తప్పించుకోవచ్చని ధీమా పడకండి. ప్రభుత్వ ఉద్యోగులైతే ప్రవర్తనా నియమావళి ఒకసారి తిరగెయ్యండి, పార్టీ రాజకీయాలకి మీ గీత అందరికంటే దగ్గరే ఉంటుంది.

బెదిరింపు వస్తే జవాబు వద్దు. తారీఖు, సమయం, ఖాతా లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, తర్వాతే బ్లాక్ చెయ్యండి. ముందే బ్లాక్ చేస్తే ఫిర్యాదుకి చేతిలో ఏమీ మిగలదు. మీ అపార్ట్‌మెంటు పేరు, పిల్లల స్కూలు యూనిఫాం కనిపించే ఫొటోలు ఇలాంటి ఖాతాలో అసలు ఉండకూడదు.

8. తప్పు ఒప్పుకోవడం, లేచి రావడం

తప్పు ఒప్పుకునే వాక్యం చిన్నదిగా ఉండాలి. "నేను పొరబడ్డానండీ. హోదా చట్టంలో లేదు, రాజ్యసభ ప్రకటనలో ఉంది." అంతే. 'అయినా సరే' అని ఇంకో వాక్యం తగిలించకండి. పాత పోస్టు తీసెయ్యకండి, దాని కిందే సవరణ రాయండి. తీసేస్తే అవతలివాళ్ళ దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటుంది, మన దగ్గరే ఉండదు.

ఆంజనేయస్వామి ఫొటో ఆయనకి నేను ఆ రాత్రి ఇదే రాశాను, పన్నెండింటికి. ఆయన నుంచి "పర్లేదండీ, చాలామంది అదే అనుకుంటారు" అని వచ్చింది. కాసేపయ్యాక, "ప్రధాని మాటకి విలువ లేదా అని మీరు మొదటే అడిగుంటే నా దగ్గర జవాబు లేదు" అని ఇంకోటి.

అన్ని రాత్రులూ ఇలా ముగియవు. ఒకే మాట మూడోసారి రాస్తున్నారని మీకే తెలిసినప్పుడు, మునిగే పడవలో నీళ్ళు తోడినట్టు ఉన్నప్పుడు, "నేను చెప్పదలుచుకుంది చెప్పానండీ, ఉంటాను" అని రాసి, ఆఖరి మాట అవతలివాళ్ళకి వదిలెయ్యండి. ఆ చర్చకి నోటిఫికేషన్లు ఆపండి. ఫోను హాల్లో ఛార్జింగ్‌కి పెట్టండి, పడగ్గదిలో వద్దు.